వేళ్లు పాకిన ఏడాది

మా అమ్మ చనిపోయిన ఏడాదే నా ఉద్యోగం పోయింది. ఆ వెనకే ఇల్లు అమ్మేశాం. చివరికి వేరే పని దొరికితే, తెలిసిన ముఖం ఒక్కటి కూడా లేని ఊరికి సామాను సర్దుకుని వెళ్లాను. ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. కాస్త దూరం వచ్చాక ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తుంటే, అప్పుడు అంతుపట్టనివి కొన్ని తేటగా కనిపిస్తున్నాయి. నన్ను నిలబెట్టింది ఏమిటో, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పాలనిపించింది. ఇలాంటి ఏడాది మధ్యలో ఇప్పుడు ఎవరైనా ఉంటే, వాళ్లని మనసులో పెట్టుకునే రాస్తున్నాను.

అమ్మ జబ్బు గురించి ఎక్కువ రాయను. ఇల్లు అమ్మడం గురించి కూడా అంతే. అన్నయ్య వేరే దేశంలో ఉంటాడు, చూసుకునేవాళ్లు లేని ఇల్లు పెట్టుకుని ఏం చేస్తాం అన్నాడు, నిజమే అన్నాను. ఆఫీసులో మా విభాగం మూసేస్తున్నాం అని చెప్పిన రోజు నాకు పెద్దగా బాధ కూడా కలగలేదు. బాధపడడానికైనా లోపల కాస్త చోటుండాలి కదా.

విషయం ముందు బయటపెట్టింది ఒళ్లే. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది, ఇక నిద్ర పట్టేది కాదు. గుండె దడ. పరీక్షలన్నీ చేయించాక, అన్నీ బాగానే ఉన్నాయి అంది డాక్టరు. తర్వాత ఆవిడే కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుని, "ఈ మధ్య ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ కంప్యూటర్లో ఒక పట్టిక తీసి నా వైపు తిప్పింది. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రే అనే ఇద్దరు మానసిక వైద్యులు తయారుచేసిన పట్టిక అది. మనిషి జీవితంలో వచ్చే 43 మార్పులు, ఒక్కొక్కదానికి ఎంత సర్దుకోవాల్సి వస్తుందో దాన్నిబట్టి ఒక్కో అంకె. భర్తో భార్యో పోతే 100. దగ్గరి కుటుంబ సభ్యులు పోతే 63. ఉద్యోగం పోతే 47. వేరే రకం పనిలోకి మారితే 36. ఇల్లు మారితే 20. పెళ్లిలాంటి సంతోషానికి కూడా 50 ఉంది. ఎందుకంటే వాళ్లు కొలిచింది దుఃఖాన్ని కాదు, మార్పుని. ఆ అంకెలన్నీ కలిపితే నాది ఎక్కడికి వెళ్లిందో ఇద్దరికీ తెలిసింది. కూడి చూపించాల్సిన అవసరం లేకపోయింది.

ఆ పట్టిక నాకు చేసిన మేలు చిన్నదేం కాదు. నేను బలహీనురాలిని కాబట్టి ఇలా అయిపోయాను అన్న ఆలోచన ఆ గదిలోనే వదిలేసి వచ్చాను. కానీ ఇంటికొచ్చాక ఇంకోటి తోచింది. ఆ పట్టికలో ఏం కదిలిపోయిందో రాసుంది, ఏం మిగిలిందో రాసేందుకు గడి లేదు. మిగిలినదేమిటో నేనే వెతుక్కోవాలి.

కొత్త ఊళ్లో మొదటి కొన్ని వారాలు హడావిడిలో గడిచిపోయాయి. గ్యాస్ కనెక్షన్, బ్యాంకు, చిరునామా మార్పు, కొత్త ఆఫీసు కాగితాలు. ఆ కాగితాల్లో ఒక దాంట్లో, 'అత్యవసర సమయంలో ఎవరిని సంప్రదించాలి' అన్న గడి ఉంది. ఇన్నేళ్లూ ఆ గడిలో నా చెయ్యి ఆలోచించకుండానే అమ్మ నంబరు రాసేసేది. ఈసారి పెన్ను గడి మీదే ఆగిపోయింది. అన్నయ్య పేరు రాద్దామంటే, ఇక్కడ నాకేమైనా అయితే ఆయనకి విమానం ఎక్కడానికే ఒక రోజు పడుతుంది. హెచ్.ఆర్. అమ్మాయి నా ముఖం చూసి, "పర్లేదు మేడం, అది తర్వాత నింపి ఇవ్వండి" అంది. ఆ కాగితం చాలాకాలం నా సొరుగులోనే ఉండిపోయింది.

హడావిడి తగ్గాకే అసలు కష్టం మొదలైంది. ఇలా జరుగుతుందని ముందే తెలిసుంటే కొంచెం తక్కువ భయపడేదాన్ని. అందుకే గట్టిగా చెబుతున్నాను: పనులన్నీ అయిపోయాక, అందరూ 'ఇక సర్దుకున్నట్టేగా' అంటున్నప్పుడే మనిషి కూలబడతాడు. ఆదివారం సాయంత్రాలు ఎంతకీ తెల్లారని రాత్రుల్లా ఉండేవి. ఫోన్ తీసి పేర్లన్నీ కిందికీ పైకీ జరిపి చూసి మళ్లీ పక్కన పెట్టేసేదాన్ని. 

ఆ రోజుల్లోనే ఎక్కడో చదివి ఒక పని చేశాను. కాగితం మీద ఒకదాని చుట్టూ ఒకటి మూడు వలయాలు గీసుకోవాలి. నడిమధ్యలో 'నేను'. మొదటి వలయంలో, వాళ్లు లేని జీవితాన్ని ఊహించుకోవడమే కష్టం అనిపించే మనుషులు. రెండో దాంట్లో అంత కాకపోయినా దగ్గరివాళ్లు. మూడో దాంట్లో ఇంకా కొంచెం దూరపువాళ్లు, అయినా మనకి ముఖ్యమైనవాళ్లు. మనిషి తన వెంట నడిచే కొందరితో కలిసి జీవితమంతా ప్రయాణిస్తాడనే ఆలోచనతో రాబర్ట్ కాన్, టోనీ ఆంటొనూచీ అనే పరిశోధకులు 1980లో తెచ్చిన పద్ధతి ఇది. ఇది ఎవరైనా చేసుకోవచ్చు, ఒక పెన్సిల్ చాలు. కానీ తీరిక ఉన్న రోజు చేయండి, మధ్యలో లేవకండి.

మొదటి వలయంలో అమ్మ పేరు రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. చివరికి రాశాను. అన్నయ్య పేరు, ఒక పాత స్నేహితురాలి పేరు రాశాను. పాత ఆఫీసువాళ్లని ఎక్కడ పెట్టాలో తేలలేదు. రోజూ కలిసి తిన్నవాళ్లం, పండగలకీ పుట్టినరోజులకీ కలిసినవాళ్లం, ఆఫీసు మూసేశాక ఎవరి దారి వాళ్లది అయిపోయింది. ఎవరి తప్పూ లేదు. మమ్మల్ని కలిపి ఉంచింది ఆ భవనం, ఆ వేళలు. ఈ కొత్త ఊళ్లోవాళ్ల పేరు మాత్రం మూడు వలయాల్లో ఎక్కడా రాయలేకపోయాను. రాయడానికి ఎవరూ లేరు.

సలహాలకి లోటు లేదు. ఇల్లు కొనుక్కో, స్థిరపడ్డట్టుంటుంది అన్నారు. పెళ్లి చేసుకో అన్నారు. తిరిగి వచ్చెయ్ అన్నారు. అందరూ ఒక్క పెద్ద నిర్ణయం చెప్పేవాళ్లే. అది తీసుకుంటే చాలు, కాళ్ల కింద నేల గట్టిపడుతుందని. వాళ్లకి నా మీద ప్రేమ ఉంది, అందులో సందేహం లేదు. కానీ ఉన్నవన్నీ కదిలిపోయిన మనిషికి పెద్ద నిర్ణయం తీసుకునే సత్తువ ఎక్కడిది?

మా వీధి చివర ఒక పాత గ్రంథాలయం ఉంది. ఇంట్లో కూర్చోలేక అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాను. ఒక సాయంత్రం పెద్ద అట్లాసు తీసి చూస్తుంటే, మధ్యలో ఒక పటం రెండు ముక్కలై చేతిలోకి వచ్చేసింది. చిరుగు మీద ఎవరో ఎప్పుడో వేసిన సెల్లోటేపు ఎండి, పెళుసెక్కి, దాని జిగురు మాత్రం కాగితంలోకి ఇంకిపోయి గోధుమరంగు చారలా మిగిలింది. కౌంటరు దగ్గరికి తీసుకెళ్తే లైబ్రేరియన్ మేడం వెనక గది చూపించి, "మాస్టారికి ఇవ్వండి, ఆయన చూస్తారు" అంది. 

మాస్టారు జీవితమంతా బైండింగ్ పని చేసి రిటైరయ్యాక, వారంలో రెండు సాయంత్రాలు వచ్చి ఊరికే చేసి పెడుతున్న మనిషి. అట్లాసు చూడగానే ఆయన టేపు మరక మీద వేలు పెట్టి, "ఇదిగో, బాగుచేద్దామనే చేశారు పాపం. గట్టిగా పట్టుకుంటుందని వేస్తారు. అది ఊడిపోతుంది గానీ చేసిన మచ్చ పోదు" అన్నారు. నేను వెళ్లిపోకుండా నిలబడితే, "చూస్తారా, పట్టుకుంటారా?" అన్నారు. ఆ తర్వాతి వారాలన్నీ ఆ అట్లాసుతోనే గడిచాయి.

ఆ పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా ఏడాది తిరిగింది అక్కడే. గోధుమ స్టార్చ్‌ని నీళ్లలో కలిపి సన్నసెగ మీద కలుపుతూ ఉడికిస్తే తెల్లగా ఉన్నది కాసేపటికి చిక్కబడి, గాజులా మెరుపెక్కుతుంది. చల్లారాక జల్లెడ పట్టి, కావలసినంత నీళ్లు పోసి పలచన చేయాలి. రేపు ఎవరైనా దాన్ని విప్పాలంటే తడి తగిలిస్తే చాలు, కాగితానికి హాని లేకుండా వదులుతుంది. మాస్టారు ఆ గుణాన్ని చాలా గొప్పగా చూసేవారు. మన తర్వాత వచ్చేవాడు మనకంటే బాగా చేయగలగాలి, వాడికి దారి మూసేయకూడదు అనేవారు. 

చిరుగు మీద వేసే పలచటి కాగితాన్ని కత్తెరతో కత్తిరించకూడదు. తడి కుంచెతో గీత గీసి, ఆ తడి గీత వెంబడి మెల్లగా లాగి చింపాలి. అప్పుడు అంచున పొడుగాటి పోగులు వెంట్రుకల్లా బయటికొస్తాయి. కత్తిరించిన అంచు గీతలా నిలిచి, కాగితం మడిచినప్పుడల్లా అక్కడే విరుగుతుంది. చింపిన అంచు అయితే పోగులు అటూ ఇటూ పరుచుకుని, అతుకు ఎక్కడ మొదలైందో కంటికి ఆననంతగా కలిసిపోతుంది. ఆ పోగుల్ని కుంచె కొసతో సవరిస్తూ కూర్చుంటే నాకు టైమ్ తెలిసేది కాదు. చాలా నెలల తర్వాత నా బుర్ర ఒక చోట కుదురుగా నిలబడింది అక్కడే.

పటాలు అయ్యాక ఫారాలు, అంటే మడిచిన కాగితాల కట్టలు, మళ్లీ కుట్టాలి. దారాన్ని తేనెమైనం ముద్ద మీద లాగి, సూదిలోకి ఎక్కించి, చివర ముడి వేశాను. మాస్టారు నా చేతి వైపే చూస్తున్నారు. "ఇక్కడ ముడి అక్కర్లేదమ్మా, తోక వదిలిపెట్టి తర్వాత కడతాం. కానీ ఆ ముడి వేసిన తీరు బాగుంది. ఎవరు నేర్పారు?"

దారాన్ని చూపుడువేలి కొస చుట్టూ ఒక చుట్టు చుట్టి, బొటనవేలితో దొర్లించి, కిందికి లాగేస్తే ముడి పడిపోతుంది. ఒంటిచేత్తో, కళ్లు వేరే ఎక్కడో ఉండగా. అలా వేసేది మా అమ్మ. నాకు కూర్చోబెట్టి నేర్పిన గుర్తు లేదు. చూసి చూసి వచ్చేసింది. "మా అమ్మ" అన్నాను. ఆ ఊళ్లో అమ్మ గురించి నేను నోరు తెరిచి ఒకరికి చెప్పడం అదే మొదలు. "ఏం చేసేవారు?" అని అడిగారు. ఆ సాయంత్రం కుట్టు పెద్దగా సాగలేదు, మాటలే సాగాయి. 

పోయినవాళ్లతో బంధం తెంచుకుంటేనే మనిషి ముందుకి వెళ్తాడని చాలాకాలం అనుకునేవాళ్లు. డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ 1996లో దీనికి ఎదురు చెప్పారు. బంధం తెగదు, రూపు మార్చుకుని కొనసాగుతుంది, అలా కొనసాగడం జబ్బేమీ కాదు అన్నారు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ఇంకో మాట చెప్పారు. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినదాని వైపు, కాసేపు బతుకు సర్దుకునే పనుల వైపు ఊగుతూ ఉంటాడు, రెండూ కావాలి, ఒక్కదాంట్లోనే ఉండిపోకూడదు అని. ఇవి చదివినప్పుడు నాకు మాస్టారి పని బల్ల గుర్తొచ్చింది. అక్కడ రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. చేతులు కొత్త పని నేర్చుకుంటున్నాయి, ఆ చేతుల్లో అమ్మ ఉంది. ఇల్లు అమ్మేసిన రోజు అమ్మకి సంబంధించినదంతా అక్కడే ఉండిపోయిందని గుండె పిండేసినట్టయింది. ఆవిడ నాలో ఎంత ఉందో నాకప్పటికి తెలియదు.

పుస్తకాల గదితో పాటు మనుషులూ మెల్లగా వచ్చారు. ఇది మాత్రం చాలా నెమ్మదిగా జరిగింది. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆయన, ఈమధ్యే ఇల్లు మారిన 355 మందిని అడిగి 2018లో ఒక లెక్క చెప్పారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలి. స్నేహితులం అనుకోవడానికి 90 గంటలు. ప్రాణస్నేహం కావాలంటే 200 గంటలు దాటాలి. కలిసి ఉద్యోగం చేసిన గంటలు అంతగా లెక్కలోకి రావట అందులో. నా పాత ఆఫీసు సంగతి నాకప్పుడు అర్థమైంది. 

ఈ లెక్క కొందరికి నిరుత్సాహంగా అనిపించవచ్చు. నాకు మాత్రం ధైర్యాన్నిచ్చింది. వచ్చిన కొత్తలో ఎవరూ దగ్గర కాకపోతే అది నా లోపమూ కాదు, ఊరి లోపమూ కాదు, ఇంకా గంటలు నిండలేదు, అంతే. వారానికి రెండు సాయంత్రాలంటే గంటలు అవే కూడుకుంటాయి. ఒకటి రెండు వారాలు తప్పినా ఏం కాదు. అలవాట్ల మీద లండన్‌లో ఫిలిపా లాలీ బృందం చేసిన అధ్యయనంలో కూడా ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడదని తేలింది. అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పడుతుందని, కొందరికి ఇంకా చాలా ఎక్కువే పడుతుందని కూడా చెప్పారు వాళ్లు. కాబట్టి తొందరేం లేదు.

గ్రంథాలయం పెరట్లో పెద్ద చెట్టు ఒకటుంది. ఒకసారి పైపు వేయడానికి దాని పక్కన కందకం తవ్వారు. చెట్టుకి అంత దూరంలో కూడా మట్టిలో వేళ్లు కనిపించాయి, అన్నీ పక్కకి పాకుతున్నవే. చెట్టు వేళ్లు పాతాళంలోకి దిగుతాయని చిన్నప్పటి నుంచీ బొమ్మల్లో చూసినదానికి ఇది పూర్తిగా వేరు. తర్వాత చదివితే తెలిసింది: చాలా చెట్లకి వేళ్లలో ఎక్కువభాగం పైనున్న అర మీటరు, ముప్పావు మీటరు మట్టిలోనే ఉంటాయి. కొమ్మల అంచు దాటి చాలా దూరం పక్కలకి వెళ్తాయి. నీళ్లు తాగే పని చేసేవి లావుపాటి వేళ్లు కావు, వాటి కొసల్లో చాలా సన్నగా ఉండేవి. 

అందరూ నాకు చెప్పింది ఒక్క తల్లివేరు వేసుకోమని. నాకు దొరికినవి సన్నవి, పైపైన పక్కలకి పాకినవి. పోటీ పరీక్షలకి చదువుకుంటూ రోజూ కిటికీ పక్క కుర్చీలోనే కూర్చునే అబ్బాయి, నేను రాగానే, "అక్కా, ఫ్యాను వెయ్యమంటారా?" అంటాడు. కింది వాటాలో ఉండే పెద్దావిడకి చిన్న అక్షరాలు కనిపించవు, మందుల చీటీలు నా చేత చదివించుకుంటుంది. పొద్దున నడకలో ఎదురయ్యే ఇద్దరు. వాళ్ల పేర్లు చాలాకాలం తెలియవు, ఒక చిరునవ్వు, 'ఇవాళ ఆలస్యమైందే' అన్న పలకరింపు. వీళ్లెవరూ ప్రాణస్నేహితులు కారు. గిలియన్ శాండ్‌స్ట్రమ్, ఎలిజబెత్ డన్ అనే ఇద్దరు ఒక అధ్యయనంలో, మనుషుల చేతికి లెక్కపెట్టే క్లిక్కర్లు ఇచ్చి, దగ్గరివాళ్లతో మాట్లాడినప్పుడు ఒకటి, పైపై పరిచయస్తులతో మాట్లాడినప్పుడు ఇంకోటి నొక్కమన్నారు. అలాంటి చిన్న పరిచయాల పలకరింపులు ఎక్కువున్న రోజుల్లో మనుషులు ఇంకొంచెం సంతోషంగా, తాము ఇక్కడివాళ్లమే అన్న భావనతో ఉన్నారని 2014లో రాశారు. నాకది అక్షరాలా నిజం. 

వాళ్ల పలకరింపు నాకు అవసరమైనట్టే, నేను చేసే పనేదో వాళ్లకీ అవసరమైంది. ఇదే అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం. ఓదార్పు నాకు చాలామంది ఇచ్చారు, దానికి ఎప్పటికీ రుణపడి ఉంటాను. కానీ ఓదార్పు తీసుకుంటూ ఉన్నంతకాలం నేను ఆ ఊళ్లో అతిథిగానే ఉన్నాను. నేను చదివితే గానీ ఆ పెద్దావిడ ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలియదు అన్నప్పటి నుంచి ఊరు నన్ను పట్టుకోవడం మొదలుపెట్టింది. కష్టంలో ఉన్న మనిషికి అందరూ 'నువ్వేం చేయకు, విశ్రాంతి తీసుకో' అంటారు. మొదట్లో అది కావాలి కూడా. కొన్నాళ్లయ్యాక మాత్రం వాళ్ల చేతికి ఒక చిన్న పని ఇవ్వండి. వాళ్లు రాకపోతే ఆగిపోయే పని.

నాకు జ్వరం వచ్చి పడుకున్నప్పుడు ఇది బాగా తెలిసింది. పెద్ద జబ్బేం కాదు, వైరల్ ఫీవర్. నేను ఎవరికీ చెప్పలేదు. రెండోరోజు పొద్దున పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది, మోకాళ్ల నొప్పులతో. "నిన్నటి నుంచి నీ చెప్పుల చప్పుడు వినపడలేదేమ్మా?" అంటూ. సాయంత్రం లైబ్రేరియన్ మేడం ఫోన్. మాస్టారు ఫోన్లో మాట్లాడే మనిషి కాదు, ఆ అబ్బాయి చేత మెసేజ్ పెట్టించారు: "చివరి ఫారం మీకోసం ఉంచాను. తగ్గాకే రండి." అంతకు ముందు అదే ఊళ్లో నేను వారాంతం మొత్తం గది దాటకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు నేను రాకపోతే కొన్ని చోట్ల ఖాళీ కనబడుతోంది. పడుకునే ఉన్నాను, కళ్లనీళ్లు వచ్చాయి, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను. జ్వరం తగ్గి ఆఫీసుకి వెళ్లిన రోజు సొరుగులోని ఆ కాగితం తీసి, పెద్దావిడ నంబరు రాసి ఇచ్చేశాను. ముందు ఆవిడని అడిగాను. "నన్నా?" అని సంతోషపడిపోయింది.

ఏడాది చివర్లో నా డైరీ మొదటి నుంచీ చదివాను. నేను చేసిన విధానం ఎవరికైనా పనికొస్తుందేమో. ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఒక పక్క ఆ నెలలో నన్ను కదిలించిన సంఘటనలు, రెండో పక్క ఎవరూ రమ్మనకుండా నా అంతట నేను మళ్లీ మళ్లీ వెళ్లిన చోట్లు రాసుకుంటూ పోయాను. మొదటి వరస ఏడాది మొదట్లో నిండిపోయింది, పోను పోను ఖాళీ. రెండో వరస మొదట్లో ఏమీ లేదు, తర్వాత అవే పేర్లు నెలనెలా వస్తూ ఉన్నాయి. మలుపు ఎక్కడుందా అని వెతికితే ఫలానా రోజు అని చూపించడానికి లేదు. అట్లాసు చిరిగిన సాయంత్రం గురించి డైరీలో ఒక్క ముక్క కూడా లేదు. ఆ రోజు పేజీలో కరెంటు బిల్లు కట్టాలని మాత్రం రాసుకున్నాను.

వలయాలు కూడా మళ్లీ గీశాను. అమ్మ పేరు మొదటి వలయంలోనే ఉంది, ఈసారి ఆలోచించకుండా రాశాను. మాస్టారు రెండో వలయంలోకి వచ్చారు. మూడో వలయం నిండింది. కొన్ని పేర్లు రాయడానికి చోటు చాలక అంచు దాటించాల్సి వచ్చింది.

ఆ తర్వాతే పాత మేనేజరు ఫోన్ చేశారు. కొత్త సంస్థ పెడుతున్నారు, మా పాత ఊళ్లోనే, జీతం ఎక్కువ. ఏడాది కిందట అయితే అదే రోజు టికెట్ తీసేదాన్ని. ఆలోచించుకోవడానికి సమయం అడిగాను. అక్కడికి వెళ్తే నాకేం దొరుకుతుందో నిజాయితీగా చూసుకున్నాను. అమ్మ లేదు, ఇల్లు లేదు, తెలిసిన వీధులు ఉన్నాయి. ఆ వీధులంటే నాకు ప్రేమే. కానీ అక్కడ ఏ సాయంత్రమూ నాకోసం ఎదురుచూడటం లేదు. ఆయనకి ధన్యవాదాలు చెప్పి, రాలేనని చెప్పాను. అన్నయ్య ఆశ్చర్యపోయాడు. "అక్కడ నీకెవరున్నారే?" అన్నాడు. పేర్లు చెప్పడం మొదలుపెడితే, కాసేపటికి వాడే నవ్వి, "సరే సరే" అన్నాడు.

ఇవన్నీ ఇలాగే ఎప్పటికీ ఉంటాయా అంటే, ఉండవు. అప్పుడే కొన్ని మారాయి. కిటికీ పక్క అబ్బాయికి ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్లిపోయాడు. లైబ్రేరియన్ మేడంకి బదిలీ అయింది. వాళ్లు వెళ్లినప్పుడు నాకు బాధేసింది, కానీ భయం వేయలేదు. చెట్టుకి కూడా ఆ సన్నటి వేళ్లు ఎప్పుడూ అవే ఉండవు. చాలావరకు కొన్నాళ్లు పనిచేసి రాలిపోతాయి, వాటి చోట కొత్తవి వస్తాయి. కొత్తవి ఎలా వస్తాయో నాకిప్పుడు తెలుసు. ఒక చోటికి ఒక వేళకి వెళ్లడం, చేతనైన పని ఒకటి అక్కడ నెత్తిన వేసుకోవడం, గంటలు నిండేదాకా ఓపిక పట్టడం. ఇంకో ఊరు వెళ్లాల్సి వచ్చినా ఇది నాతో వస్తుంది. అమ్మ ముడి నాతో వచ్చినట్టే.

మాస్టారికి చెయ్యి వణకడం మొదలైంది. సన్నటి పని ఇప్పుడు ఎక్కువగా నేనే చేస్తున్నాను, ఆయన పక్కన కూర్చుని చెబుతున్నారు. శనివారం మధ్యాహ్నాలు పిల్లలకి చిన్న నోటుపుస్తకాలు కుట్టడం నేర్పుదామని ఇద్దరం అనుకున్నాం. కొత్త లైబ్రేరియన్ గారు వెనక గదిలో ఇంకో బల్ల వేయించారు. సూదులు, తేనెమైనం తెచ్చే పని నాది. కాగితంలో పోగులు ఏ దిక్కుకి ఉన్నాయో పిల్లలు చూసుకోవడం నేర్చుకోవాలని మాస్టారి పట్టు, ఏ దిక్కు సులువుగా వంగుతుందో చేత్తో చూసి చెప్పాలట, అది వచ్చాకే సూది ఇస్తారట. వచ్చే శనివారం మొదటి తరగతి.